సీటు మీద తువ్వాలు

పోయిన బుధవారం విజయనగరంలో మధ్యాహ్నపు పాసింజరు ఎక్కి, కిటికీ పక్క సీటు మీద నా తువ్వాలు పరిచి, నీళ్ళ సీసా కొనుక్కుందామని ప్లాట్‌ఫారం మీదికి దిగి, రెండు నిమిషాల్లో తిరిగి వచ్చేసరికి ఆ సీట్లో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళుంటాయేమో, భుజాన కాలేజీ సంచి, చెవుల్లో తీగల్లేని ఇయర్‌ఫోన్లు. నన్ను చూడగానే ఒక చెవిలోది తీసి, చక్కగా నాలుగు మడతలు పెట్టిన నా తువ్వాలును రెండు చేతులతో అందిస్తూ, "ఆంటీ, ఇది మీదేనా? సీటు మీద మర్చిపోయేరు," అంది.

నాకు కోపం రావలసింది. ముప్పై ఏళ్ళ కిందటైతే ఆ పెట్టె పెట్టంతా వినేలా ఆ పిల్లకు బుద్ధి చెప్పి ఉండేదాన్ని, నా నోరు తెలిసినవాళ్ళు ఈ మాట వెంటనే ఒప్పుకుంటారు. కానీ ఆ పిల్ల నా తువ్వాలును విసిరెయ్యలేదు, కింద పారెయ్యలేదు, ఎవరో పెద్దావిడ పోగొట్టుకున్న వస్తువును జాగ్రత్తగా దాచి ఇచ్చింది. సీటు మీద తువ్వాలు ఉంటే దాని అర్థమేమిటో ఆ అమ్మాయికి నిజంగానే తెలియదు. ఆ సంగతి అర్థమయ్యాక నేను తువ్వాలు తీసుకుని, థాంక్స్ అమ్మా అని, ఆమె పక్కన ఖాళీగా ఉన్న జాగాలో కూర్చున్నాను. నెల్లిమర్ల వచ్చేదాకా నా మనసు ఆ పెట్టెలో లేదు, నలభై ఏళ్ళ వెనక్కి, మన రైళ్ళు పోని దేశాలకు పోయింది.

మా తరం వాళ్ళకు తువ్వాలు సంగతి చెప్పనక్కర్లేదు. రైలు ఇంకా ఆగకముందే కిటికీ ఊచల్లోంచి తువ్వాలు లోపలికి తోసేస్తే చాలు, ఆ సీటు మనదే. ఆ తర్వాత తీరిగ్గా సామాన్లు ఎత్తుకుని, పిల్లల్ని లెక్కపెట్టుకుని, తోపులాటంతా సద్దుమణిగాక ఎక్కవచ్చు. పోలీసైనా, పంతులైనా, పెళ్ళివారైనా తువ్వాలున్న సీట్లో కూర్చునేవారు కారు. పొరపాటున ఎవరైనా కూర్చున్నా, పక్కవాళ్ళే లేపేసేవారు, తువ్వాలు ఎవరిదో వాళ్ళకు తెలియకపోయినా సరే. టిక్కెట్టు మీద నంబరు లేని రోజుల్లో అది మేం మాకు మేమే రాసుకున్న చట్టం.

ఆ చట్టంలో మా అమ్మ ప్లీడరు. శ్రీకూర్మం దాటి సముద్రపు ఒడ్డున మా ఊరు. నాన్న వేటకు పోయేవాడు, అమ్మ ఎండు చేపల వ్యాపారం చేసేది. నెత్తళ్ళు, సావిడాయిలు, రొయ్యపప్పు గంపల్లో కట్టుకుని బస్సు మీద ఆమదాలవలసకు వచ్చి, అక్కడ పాసింజరు పట్టుకుని ఒకరోజు చీపురుపల్లి సంతకు, ఒకరోజు నెల్లిమర్ల జూట్ మిల్లు గేటు దగ్గరికి పోయేది. షిఫ్టు దిగి వచ్చే మిల్లువాళ్ళు అమ్మ గంప చుట్టూ మూగేవారు. సెలవుల్లో నేనూ వెంట పోయేదాన్ని, గంప పక్కన కూర్చుని పరీక్షలకు చదువుకునేదాన్ని. మా పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కులు మూసుకునేవారు కానీ, ఎరుపూ తెలుపూ గళ్ళున్న అమ్మ తువ్వాలు జోలికి మాత్రం ఎవరూ వచ్చేవారు కారు.

రైలు గురించి అమ్మ నాకు నేర్పినవి రెండే సంగతులు. ఎక్కగానే తువ్వాలు వెయ్యడం మొదటిది. ఆగిన ప్రతి స్టేషన్లోనూ కుళాయి ఉంటుంది కాబట్టి దిగి నీళ్ళు పట్టుకోవడం, ఈలోగా బండి కదిలిపోతే మన పెట్టె కోసం పరుగులు పెట్టకుండా చేతికందిన పెట్టె ఎక్కెయ్యడం రెండోది. రైలంతా ఒక్కటే కదా, పై స్టేషన్లో దిగి మన పెట్టెలోకి మారిపోవచ్చు అనేది అమ్మ. పొందూరులో ఒకసారి, చీపురుపల్లిలో మరోసారి నేనలా ఎక్కి, మారి, నా సీట్లోకి దర్జాగా వచ్చి కూర్చున్నదాన్నే. ఆ రెండో సంగతే తర్వాత ఎంత పని చేసిందో చెప్తాను.

విశాఖపట్నంలో ఎమ్మెస్సీ అయ్యాక, చేపలు చెడిపోకుండా నిలవ చేసే పద్ధతుల మీద ఏడాది చదువుకు డెన్మార్కు పంపుతామని ఒక స్కాలర్‌షిప్పు వచ్చింది. మా పేటలో ఆడపిల్ల కాలేజీకి పోవడమే అప్పటికి వింత. సముద్రం మీద బతికే ఇంటి పిల్లకి సముద్రం దాటడానికి భయమేమిటని మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఊళ్ళోవాళ్ళ నోళ్ళు మూయించాడు. ఆయన బడిపంతులు, ఆయన మాటకు విలువుండేది. అమ్మ నా సామాన్లు సర్దడంలో పడింది. బయల్దేరే రోజున తన గళ్ళ తువ్వాలు ఉతికి ఆరేసి, మడిచి, నా పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టింది.

"ఎక్కడికెల్లినా ముందు ఇది ఏసీ. ఆ తరవాత నువ్వు ఎటెల్లినా పర్లేదు, నీ జాగా నీకుంటాది," అంది.

అక్కడ ఏడాది గడిచింది, ఆ చలి గురించీ ఉడకబెట్టిన బంగాళాదుంపల గురించీ ఇప్పుడు చెప్పను, అదంతా పెద్ద పురాణం. కోర్సు ముగియబోతుండగా మావయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వెళ్ళేముందు నేను రాసి వెళ్ళిన పరీక్షలో నెగ్గాననీ, మత్స్యశాఖలో ఉద్యోగానికి ఆర్డరు వచ్చిందనీ, గడువులోగా చేరకపోతే నా ఉద్యోగం జాబితాలో నా తర్వాతి పేరుకు పోతుందనీ రాశాడు. స్కాలర్‌షిప్పు వాళ్ళు కొనిపెట్టిన విమానం టిక్కెట్టు ప్రకారం నేను ఆ గడువుకు సరిగ్గా మూడు రోజుల ముందు ఇల్లు చేరతాను. ఆ టిక్కెట్టు మార్చడానికి వీల్లేదు, పోతే మరొకటి కొనే స్తోమతూ లేదు. ఉత్తరం చివర మావయ్య ఇంకో కబురు కూడా రాశాడు. నెల్లిమర్ల మిల్లు గేటు దగ్గర ఎవరైనా ధర తగ్గించమంటే అమ్మ, "ఆపీసరు తల్లి కాడ బేరమేటి," అంటోందట.

విమానానికి ఇంకా నెల రోజులుంది. పాతికేళ్ళ లోపు వాళ్ళకు నెల రోజుల రైలు పాసు ఒకటి తక్కువ ధరకు దొరుకుతుందనీ, అదొక్కటి చేతిలో ఉంటే యూరపులో ఏ దేశపు రైలైనా ఎక్కవచ్చనీ తోటి విద్యార్థినులు చెప్పారు. ఆ మాట వినగానే నా ప్రాణం లేచి వచ్చింది. మీలో ఎవరైనా భయపడేవారేమో కానీ, నాకు ఊళ్ళు కొత్తగానీ రైలు కొత్త కాదు. ఏ దేశానికి ఆ దేశం వీసా అంటే ఒక్కో ఆఫీసు ముందూ ఓపిగ్గా నిలబడ్డాను. చీర మీద స్వెట్టరు, కాళ్ళకు కాన్వాసు బూట్లు, రొంటిన దోపుకున్న పాసు, భుజాన ఒక సంచి, ఆ సంచిలో అమ్మ తువ్వాలు, ఇంటి నుంచి పార్సిల్లో వచ్చిన రొయ్యపొడి డబ్బా. అంతే నా సరంజామా.

ఆ నెలంతా నేను తిన్నది ముఖ్యంగా రొట్టె, రొయ్యపొడి. ఏ ఊరికి ఆ ఊరి రొట్టె కొనుక్కోవడం, మధ్యలో చీల్చి పొడి చల్లుకోవడం, పార్కు బెంచీ మీద కూర్చుని తినడం. ప్యారిస్‌లో ఆ పెద్ద ఇనుప గోపురం కింద కూర్చుని అదే తిన్నాను, స్విట్జర్లాండులో మంచుకొండల్ని చూస్తూ అదే తిన్నాను. ఆమ్‌స్టర్‌డాంలో ఒక కుక్క ఆ వాసనకు నా వెంట మూడు వీధులు వచ్చింది. తోటి అమ్మాయిలు మ్యూజియంల జాబితాలు రాసిచ్చారు కానీ, నేను ఏ ఊరు దిగినా ముందు చేపల బజారు ఎక్కడని అడిగేదాన్ని. వెనిస్ చేపల బజారులో పొద్దున్నే ఒక ముసలాయన దగ్గర సావిడాయి లాంటి చేపను పట్టుకుని మొప్ప ఎత్తి చూసి, ఇది నిన్నటిది అని సైగ చేశాను. ఆయన మొదట కళ్ళెర్ర చేసి, తర్వాత పగలబడి నవ్వి, గంప అడుగు నుంచి తాజా చేప తీసి చూపించాడు. కొనేది లేదు కాబట్టి దణ్ణం పెట్టి వచ్చేశాను. చేపను చూసే కన్ను ఏ దేశంలోనైనా ఒక్కటేనని ఆ పొద్దున నాకు మహా గర్వంగా అనిపించింది.

ఏ రైలు ఎక్కినా ముందు తువ్వాలు వేసేదాన్ని. అక్కడ సీట్లు ఎప్పుడూ సగం ఖాళీగానే ఉండేవి, వెయ్యాల్సిన పనే లేదు. అయినా అది వెయ్యకపోతే నాకు రైలెక్కినట్టు ఉండేది కాదు.

వెనిస్ నుంచి నా తిరుగు ప్రయాణం మొదలైంది. ఆ రోజు పగటి రైల్లో మ్యూనిక్ చేరి, మర్నాడు అక్కడి నుంచి కోపెన్‌హాగెన్, ఆ మర్నాడు విమానం. ఎక్కేముందు పెట్టె తలుపు పక్కన వేలాడేసిన బోర్డు మీద మ్యూనిక్ అని చూసుకునే ఎక్కాను. ఆ రైల్లో కొన్ని పెట్టెలకు వియన్నా అన్న బోర్డు కూడా ఉండటం చూశాను, చూసి కూడా పట్టించుకోలేదు. మన పాసింజరు బోర్డు మీదా నాలుగు ఊళ్ళ పేర్లుంటాయి కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను. సరిహద్దు దగ్గర పోలీసులు వచ్చి పాస్‌పోర్టు చూశాక, మాటిమాటికీ తియ్యడం విసుగనిపించి, దాన్నీ విమానం టిక్కెట్టునూ కలిపి సంచి పక్క జేబులో పడేశాను.

అక్కడి పెట్టెల్లో చిన్న చిన్న గదులు, వాటి పక్కన వరండాలాంటి దారి ఉంటాయి, మా గదిలో నా ఎదురుగా ఒక ముసలావిడ కూర్చుంది. తలకు పువ్వుల గుడ్డ కట్టుకుని, ఒళ్ళో ఒక బుట్ట పెట్టుకుని, మా పెద్దమ్మ సంతకు బయల్దేరినట్టే ఉంది. నాకు జర్మన్ నాలుగు ముక్కలు వచ్చు, ఆవిడకు ఇంగ్లీషు అసలు రాదు. నేను రొయ్యపొడి డబ్బా మూత తియ్యగానే గదిలో మిగిలిన ఇద్దరు మగవాళ్ళు లేచి వేరే గది చూసుకున్నారు. ఆవిడ మాత్రం ముక్కు చిట్లించి, ముందుకు వంగి, కాస్త అరచేతిలో పెట్టమని చెయ్యి చాచింది. నాకి చూసి, కళ్ళు పెద్దవి చేసి, తన భర్త చెరువు మీద వల వేసేవాడనీ, చేపల్ని పొగ మీద ఆరబెట్టేవారనీ వేళ్ళు ఊపుతూ, బుగ్గలు ఊదుతూ చెప్పింది. ఆయన పోయాడని చెప్పడానికి మాత్రం ఏ భాషా అక్కర్లేకపోయింది.

కాసేపటికి నేను లేచి బాత్రూముకు పోయి వస్తే, నా సీటు మీది తువ్వాలును చూపించి ఇదేమిటని సైగ చేసింది. నేను నటించి చూపించాను. తువ్వాలు పరిచాను, నా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను, వరండాలోకి వెళ్ళిపోయాను, తలుపు సందులోంచి ఎవరో దొంగవాడు వచ్చి కూర్చోబోయినట్టు నేనే నటించి, వద్దు వద్దని వేలు ఊపి వాణ్ణి తరిమేసి, మళ్ళీ నేనే తిరిగివచ్చి కూర్చున్నాను. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి ఊరుకోలేదు, తల గుడ్డ విప్పి తన సీటు మీద పరిచి, వరండాలోకి వెళ్ళి అటు చివరిదాకా నడిచి, తిరిగివచ్చి, తన సీటు తనకే ఉందని చూసుకుని, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మేమిద్దరం అలా రెండు మూడు సార్లు ఆడుకున్నాం. ఆ తర్వాత ఆవిడ ఆ బుట్టలోంచి నాకో యాపిల్ తీసిచ్చింది.

కొండల మధ్య ఒక జంక్షన్లో రైలు ఆగింది. చాలాసేపు ఆగుతుందని ఆవిడ చేతులతో చెప్పింది. ప్లాట్‌ఫారం చివర కుళాయి కనిపించగానే నా కాళ్ళు వాటంతటవే లేచాయి. సీటు మీద తువ్వాలు ఉంది, సీటు కింద సంచి ఉంది, చేతిలో సీసా, రొంటిన పాసు. నీళ్ళు పట్టుకుని వెనక్కి తిరిగేసరికి రైలు కదులుతోంది. నేను చిన్నప్పటి నుంచీ ఆరితేరిన పనే అది. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి, పరుగు తీసి, చేతికందిన పెట్టె ఎక్కేశాను. తలుపు దగ్గరున్న ఒకాయన భయపడి నా రెక్క పట్టుకుని లోపలికి లాగాడు. నేను ఆయనకు నవ్వుతూ దణ్ణం పెట్టి, నా పెట్టె వైపు, అంటే ముందుకు నడవడం మొదలుపెట్టాను.

అక్కడ పెట్టెలన్నీ ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పోయేలా కలిపి ఉంటాయి, పై స్టేషన్ దాకా ఆగనక్కర్లేదు. ఒక పెట్టె దాటాను, రెండు దాటాను, మూడోది కూడా దాటాను. నాలుగో పెట్టె చివర తలుపుకు గాజు ఉంది, ఆ గాజు అవతల పెట్టె లేదు. ఇంజను వెనక వీపు, అటూ ఇటూ కొండలు. నా పెట్టె ఉండాల్సిన చోట ఏమీ లేదు.

జరిగింది నాకు అక్కడ నిలబడే అర్థమైంది. నేను నీళ్ళు పట్టుకుంటున్నప్పుడు వాళ్ళు రైలును రెండు ముక్కలు చేశారు. మ్యూనిక్ పోయే ముక్క అక్కడే ప్లాట్‌ఫారం మీద ఆగి ఉంది, వియన్నా పోయే ముక్కకు వేరే ఇంజను తగిలించి పంపించేశారు. ఆగి ఉన్న నా రైలును వదిలేసి, కదిలే రైలు నాదనుకుని ఎక్కాను. రైలంతా ఒక్కటేనని మా అమ్మ చెప్పింది, అది ఆమదాలవలసకూ విజయనగరానికీ మధ్య నిజం, ఇక్కడ కాదు. నెల రోజులుగా దేనికీ భయపడని నేను ఆ గాజు తలుపుకు నుదురు ఆనించి భయపడ్డాను. పాస్‌పోర్టు లేదు, టిక్కెట్టు లేదు. ఎల్లుండి విమానం నన్ను వదిలేసి పోతుంది, నా ఉద్యోగం ఎవరికో పోతుంది, మిల్లు గేటు దగ్గర అమ్మ మళ్ళీ మామూలుగా బేరం ఆడుకోవాలి. ఆ చివరి సంగతి తలుచుకోగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఏడుస్తూ కూర్చునే స్వభావం మాత్రం నాది కాదు. టిక్కెట్లు చూసే ఆయన్ని వెతికి పట్టుకుని, నాలుగు ముక్కల జర్మన్, మిగతా ఇంగ్లీషు, ఇంకా మిగిలిపోతే తెలుగు కలిపి నా గోడు చెప్పుకున్నాను. ఆయన ముందు నా పాసు చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు. ముప్పావుగంట తర్వాత వచ్చిన స్టేషన్లో నన్ను దించి, స్టేషన్ మాస్టరుకు అప్పగించాడు. ఆ మాస్టరు జంక్షనుకు ఫోను చేస్తే మ్యూనిక్ బండి వెళ్ళిపోయిందన్నారు. ఆ దారిలో ముందున్న స్టేషన్లకు ఒక్కొక్కదానికీ చేశాడు. నేను ఆయన బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. నాలుగో ఫోనులో ఆయన చాలాసేపు విని, నా వైపు తిరిగి, మీసాల్లో నవ్వుకుంటూ మెల్లగా ఇంగ్లీషులో చెప్పాడు. ఒక ముసలావిడ మీ సంచితో తన స్టేషన్లో దిగిందట, రైల్వేవాళ్ళు ఇమ్మంటే ఇవ్వనంటోందట, ఆ పిల్ల వస్తుంది, తన చేతికే ఇస్తానని కూర్చుందట. కాగితం మీద ఆ స్టేషను పేరు రాసిచ్చి, వెనక్కి పోయే బండి ఎక్కించాడు.

జంక్షనులో మారి, ప్రతి ఊళ్ళోనూ ఆగే చిన్న బండి పట్టుకుని, ఆ స్టేషన్లో నేను దిగేసరికి, ఆవిడ అక్కడ దిగి నాలుగు గంటలు దాటిపోయింది. వేసవిలో అక్కడ పొద్దు తొందరగా గుంకదు, ఇంకా ఎండగానే ఉంది. పొడుగాటి ప్లాట్‌ఫారానికి ఒకటే బెంచీ. దాని మీద ఒక చివర ఆవిడ కూర్చుని ఉంది, నా సంచి ఆవిడ ఒళ్ళో ఉంది. బెంచీ మీద తన పక్కన, మా అమ్మ గళ్ళ తువ్వాలు నాలుగు మూలలూ సరిగ్గా లాగి పరిచి ఉంది. బండి కోసం వచ్చిన ఇద్దరు మనుషులు సామాన్లు కింద పెట్టుకుని, ఆ ఖాళీ జాగాను చూస్తూ పక్కన నిలబడి ఉన్నారు, వాళ్ళనెవరినీ ఆవిడ కూర్చోనివ్వలేదు.

నన్ను చూసి ఆవిడ లేవలేదు, తిట్టలేదు, కంగారు పడలేదు. ఆ తువ్వాలు మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది. నేను వెళ్ళి ఆ జాగాలో కూర్చుని, ఆవిడ భుజం మీద తల పెట్టి, అంత సేపూ ఆపుకున్నదంతా ఏడ్చేశాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు.

ఆవిడ ఇంట్లో వేడి వేడి చారు లాంటిది తాగాను, అందులో పొగ చేప ముక్కలున్నాయి, ఇప్పటికీ ఆ రుచి నాలుక మీద ఉంది. మర్నాడు పొద్దుటే ఆవిడే నన్ను బండి ఎక్కించింది. ఎక్కించేముందు పెట్టె బోర్డు మీద మ్యూనిక్ అన్న మాటను వేలితో చూపించి, నా చేత పైకి చదివించింది. నా దగ్గర ఇవ్వడానికి రొయ్యపొడి డబ్బా తప్ప ఏమీ లేదు, అదే ఇచ్చాను. రెండు బండ్లు మారి వేళకు చేరాను, విమానం అందుకున్నాను, గడువుకు ఒకరోజు ముందు శ్రీకాకుళంలో సంతకం పెట్టి ఉద్యోగంలో చేరాను. ఆ రోజు అమ్మ నాతో ఆఫీసు గేటు దాకా వచ్చి, లోపలికి రమ్మంటే రాకుండా, గేటు బయటే నిలబడి చూసింది.

జరిగిన కథంతా అమ్మకు చెప్పినప్పుడు ఆవిడ ఆశ్చర్యపోతుందని ఎదురుచూశాను. రైలు రెండు ముక్కలవడం దగ్గర మాత్రం, ఇదేం రైలే అన్నట్టు నోరు తెరిచింది. బెంచీ దగ్గరికి వచ్చేసరికి, ఇందులో వింతేముందన్నట్టు నా వైపు చూసింది.

"తువ్వాలేసినాక మరెవులు కూకుంటారు?" అంది. వెంటనే, "ఆ ముసలమ్మకి ఏటిచ్చేవు?" అని అడిగింది.

రొయ్యపొడి ఇచ్చానని చెప్తే, అంత పని చేసిన మనిషికి అదా ఇవ్వడం అని నన్ను రెండు రోజులు సాధించింది. మూడో రోజున బజారుకు పోయి కొత్త గళ్ళ తువ్వాలు కొని తెచ్చి, పోస్టులో పంపేదాకా నన్ను నిలవనివ్వలేదు. కొన్ని నెలలకు జవాబు వచ్చింది. ఆవిడ పక్కింటి పంతులమ్మ ఇంగ్లీషులో రాసిపెట్టింది. తాను రైలెక్కినప్పుడల్లా ఆ తువ్వాలు పరిచి వరండాలోకి వెళ్ళి వస్తున్నాననీ, ఎవరైనా ఇదేమిటని అడిగితే నటించి చూపిస్తున్నాననీ, దొంగవాడి వేషం మాత్రం తనకు నా అంత బాగా రావడం లేదనీ రాయించింది. ఆ ఉత్తరం చదివి వినిపిస్తే అమ్మ చాలాసేపు నవ్వింది. పదేళ్ళు అలా ఉత్తరాలు నడిచాయి, తర్వాత ఆ పంతులమ్మే ఒక చిన్న ఉత్తరం రాసింది, ఆవిడ లేదని. మరి కొన్నేళ్ళకు అమ్మా వెళ్ళిపోయింది.

ఇప్పుడు మా మేనకోడలి కూతురు ఫోనులోనే సీటు ఎంచుకుంటుంది, కిటికీ పక్కదో కాదో బొమ్మ వేసి చూపిస్తుందట, ఆ సీటు దగ్గరికి వెళ్తే దాని పేరు మీద ఖాళీగానే ఉంటుందట. మంచిదే. కిటికీ ఊచల్లో చేతులు ఇరుక్కోవడం, చొక్కాలు చిరగడం, తగువులు పడడం ఇవన్నీ తీరాయి, నేను వద్దనను. అయితే ఆ రోజుల్లో సీటు కాచేది మిషను కాదు, పక్కన కూర్చున్న మనిషి. తువ్వాలు ఉత్త గుడ్డే, అది ఎవరి చెయ్యీ పట్టి లేపలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు, ఆ మనిషి వస్తుందిలే అని నమ్మితేనే దానికి బలం.

బుధవారం నాడు ఆ పిల్లకు ఇదంతా చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. తిరిగి చెవుల్లో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లు చూసి ఆగాను, అది నెపమేననుకోండి, నేను ఎవరి ఇయర్‌ఫోన్లకూ జంకే మనిషిని కాను. సరిగ్గా భాష కలవని మనిషికి కొండల మధ్య పోయే రైల్లో చేతులూపి చెప్పగలిగాను, ఆవిడ దాన్ని పట్టుకుని నా బతుకంతా ఒక బెంచీ మీద నాలుగు గంటలు కాచి ఇచ్చింది. నా భాషే మాట్లాడే పిల్లకు, నేను పుట్టి పెరిగిన దారిలో పోయే బండిలో, ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో నాకు తెలియలేదు. చీపురుపల్లి వచ్చింది. నేను లేస్తూంటే ఆ పిల్ల నా చేతిలోని తువ్వాలు చూసి, ఈసారి మర్చిపోలేదు కదా ఆంటీ అన్నట్టు నవ్వింది.

లేదమ్మా, నేను మర్చిపోలేదు.